రెక్టిఫయర్లూ, మూడున్నర కోరు కేబులూ, మా అపార్ట్‌మెంటూ

ఇంజనీరింగులో ఈఈఈ గానీ ఈసీఈ గానీ వెలగబెట్టిన వాళ్ళెవర్నైనా అర్ధరాత్రి నిద్రలేపి అడగండి. హాఫ్ వేవ్ రెక్టిఫయర్ ఎఫిషియెన్సీ ఎంత? 40.6 శాతం. ఫుల్ వేవ్? 81.2. రిపుల్ ఫ్యాక్టర్? 1.21, ఇంకోటి 0.48. టక్కున చెప్పేస్తారు. ఈడీసీ పేపర్లో గ్యారంటీ ప్రశ్న కదా మరి! ఆ తర్వాత జావా నేర్చుకుని, ఉద్యోగంలో పడి, మిగతా సబ్జెక్టులన్నీ గాలికొదిలేసిన వాళ్ళకి కూడా ఈ నాలుగంకెలు మాత్రం ఎందుకో పోవు. నేనూ ఆ బాపతే. చదివింది ఈఈఈ, రోజూ రాసేది పేమెంట్ల బ్యాకెండ్ కోడు.

చిత్రమేంటంటే, ఆ నాలుగంకెలూ నిజమే గానీ, మీరిప్పుడు ఇది చదువుతున్న లాప్‌టాప్ చార్జర్‌కి వాటిలో ఒక్కటీ వర్తించదు. అవన్నీ డయోడ్ల వెనక ఉత్త రెసిస్టర్ ఉన్నప్పటి లెక్కలు. చార్జర్‌లో ఉండేది రెసిస్టర్ కాదు, కెపాసిటర్. ఆ ఒక్క తేడా వల్ల మా అపార్ట్‌మెంట్లో ఏం జరిగిందో చెబుదామని ఈ టపా.

ఈ గొడవలు తెలియని కంప్యూటర్ సైన్సు మిత్రుల కోసం ముందు రెండు ముక్కలు. గోడలోంచి వచ్చే కరెంటు అటూ ఇటూ ఊగుతుంటుంది, సెకనుకి 50 సార్లు. మన ఫోన్లూ, లాప్‌టాపులూ, ఎల్ఈడీ బల్బులూ ఒకే దిక్కు కరెంటుతో గానీ పనిచేయవు. డయోడ్ అంటే వన్ వే రోడ్డు. ఒక్క డయోడ్ పెడితే సగం అలే వస్తుంది, రెండో సగం ఆగిపోతుంది. అది హాఫ్ వేవ్. నాలుగు డయోడ్లని బ్రిడ్జిలా కలిపితే రెండో సగం కూడా తిరగబడి అదే దిక్కులో బయటికొస్తుంది. ఈ బ్రిడ్జి ఇవాళ్టిది కాదు. కరోల్ పొలాక్ అనే పోలండ్ ఇంజనీరు 1896లోనే జర్మనీలో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది లియో గ్రెట్జ్ విడిగా ప్రచురించాడు, పేరు మాత్రం గ్రెట్జ్‌కి దక్కింది.

ల్యాబులో మేం చేసింది కూడా ఇదే. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, ఒక రెసిస్టెన్స్ బాక్సు, సీఆర్వో. (బ్రిడ్జి ఇన్‌పుట్టునీ అవుట్‌పుట్టునీ ఒకేసారి సీఆర్వో రెండు చానళ్ళకీ పెట్టొద్దని ల్యాబ్ అసిస్టెంట్ ప్రతి బ్యాచ్‌కీ మొత్తుకునేవాడు. రెండు చానళ్ళ గ్రౌండూ లోపల ఒకటే కాబట్టి ఒక డయోడు షార్ట్ అయిపోతుంది. ఎందుకు పెట్టకూడదో మాత్రం వైవాలో ఎవరూ అడగలేదు. 1.21 ఎంతో అడిగారు.) రీడింగులు వేసుకుని, గ్రాఫ్ గీసి, రికార్డు మీద సంతకం పెట్టించుకున్నాం. అయిపోయింది.

అయితే అసలు విషయం ఆ రికార్డులో ఎక్కడా లేదు. డయోడ్లు చేసేది దిక్కు సరిచేయడం మాత్రమే. బ్రిడ్జిలోంచి బయటికొచ్చే వోల్టేజి సెకనుకి 100 సార్లు సున్నాకి పడిపోతూనే ఉంటుంది. సింగిల్ ఫేజ్‌లో దీనికి తప్పించుకునే దారి లేదు. వోల్టేజి సున్నా అయిన క్షణంలో గోడలోంచి ఒక్క వాట్ కూడా రాదు, కానీ లాప్‌టాప్‌కి ఆ క్షణంలో కూడా 65 వాట్లు కావాల్సిందే. అంటే మధ్యలో ఎవరో ఒకరు దాచిపెట్టుకుని ఇస్తుండాలి. ఏసీని డీసీ చేయడమంటే సగం పని దిక్కు మార్చడం, మిగతా సగం గోదాము నడపడం. పుస్తకం మొదటి సగాన్ని పది పేజీలు చెప్పి, రెండో సగాన్ని ఫిల్టర్స్ అని చాప్టరు చివర పడేసింది.

సరే, లెక్క వేద్దాం. 65 వాట్ల చార్జర్ నష్టాలతో కలిపి గోడ నుంచి 74 వాట్లు లాగుతుందనుకోండి. 230 వోల్టుల సప్లై శిఖరం రూట్ 2 రెట్లు, అంటే 325 వోల్టులు. చార్జర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ కంటే ముందే బ్రిడ్జి ఉంటుంది, దాని వెనకే ఒక 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అనుకుందాం. అది 325 దాకా నిండితే అందులో 5.3 జౌళ్ళు ఉంటాయి. అల కిందికి దిగగానే డయోడ్లు మూసుకుపోతాయి. ఆ తర్వాత దాదాపు 9 మిల్లీసెకన్లు కెపాసిటరే బండి లాగుతుంది. ఆ కాసేపట్లో 0.66 జౌళ్ళు ఖర్చయి వోల్టేజి 304 దగ్గరికి వస్తుంది. మళ్ళీ గోడ వోల్టేజి 304 దాటినప్పుడే డయోడ్లు తెరుచుకుంటాయి. అంటే ప్రతి 10 మిల్లీసెకన్లలో మీ చార్జర్ గోడ నుంచి కరెంటు తీసుకునేది ఒక్క మిల్లీసెకను చిల్లర మాత్రమే!

10 మిల్లీసెకన్ల కూడు ఒక్క మిల్లీసెకనులో మింగాలి కాబట్టి ఆ కాసేపూ కరెంటు సగటున 2 ఆంపియర్లుంటుంది. 74ని 230తో భాగిస్తే వచ్చేది 0.32. అంటే ఆరు రెట్లు. (అన్నట్టు, చార్జర్ ప్లగ్గు పీకినా ఆ 325 వోల్టులు కెపాసిటర్లో కాసేపు అలాగే ఉంటాయి. సరదాకి కూడా విప్పకండి.)

రైలింజన్లోనూ ఇదే చిక్కు. డబ్ల్యూఏపీ-4 ఇంజను పైనున్న తీగ నుంచి 25 వేల వోల్టుల సింగిల్ ఫేజ్ ఏసీ తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, సిలికాన్ డయోడ్లతో డీసీ చేసి మోటార్లకిస్తుంది. పుస్తకంలోని బ్రిడ్జే, ఇడ్లీ గిన్నె బదులు బాయిలరంత. అక్కడ గోదాము కెపాసిటర్ కాదు, స్మూతింగ్ రియాక్టర్ అనే పెద్ద కాయిలు. కాయిల్ కరెంటుని తెగనివ్వదు కాబట్టి డయోడ్లు నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. ఇనుమూ రాగీ బరువు ఇంజనుకి లెక్కలేదు. మన బ్యాగులో పట్టాల్సిన చార్జర్‌కి అది కుదరదు, అందుకే కెపాసిటర్.

ఇప్పుడు మన భాషలో చెప్పుకుందాం. ఊళ్ళో ఉన్న సర్వర్లన్నిట్లో క్రాన్ జాబుని రాత్రి సరిగ్గా పన్నెండింటికే పెడితే ఏమవుతుంది? సగటు లోడు చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది, పన్నెండింటికి మాత్రం డేటాబేస్ కుప్పకూలుతుంది. చార్జర్లు చేసేది అచ్చం అదే. ఒకే ఫేజ్ మీదున్న ప్రతి చార్జరూ, ప్రతి రౌటరూ, ప్రతి చవక ఎల్ఈడీ బల్బూ సరిగ్గా అల శిఖరం దగ్గరే అందరితో పాటు ఎగబడతాయి. ఐటీ ఆఫీసుల్లో సప్లై వోల్టేజిని స్కోపులో చూస్తే సైన్ అల తల చెక్కేసినట్టు చదునుగా కనిపించేది ఇందుకే.

దీని దెబ్బ ఎక్కువ తగిలేది న్యూట్రల్ వైరుకి. మూడు ఫేజుల్లో సమానంగా లోడుంటే న్యూట్రల్లో కరెంటు సున్నా అని చదువుకున్నాం. సైన్ అలలకి అది నిజం, మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పిడుగుల్లా వచ్చే పల్సులు ఎలా కొట్టేసుకుంటాయి? ఒక ఫేజ్ పల్సు వచ్చినప్పుడు మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. కొట్టేయడానికి అవతల ఎవరూ లేరు. ఆరు పల్సులూ వరసగా వచ్చి న్యూట్రల్ మీదే పడతాయి. లోడంతా చార్జర్లే అయితే న్యూట్రల్లో కరెంటు ఒక్కో ఫేజులో ఉన్నదానికి రూట్ 3 రెట్లు, అంటే 1.73. వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి మూడు రెట్లు. ఇక్కడే మన మూడున్నర కోరు కేబులు రంగప్రవేశం చేస్తుంది. అందులో మూడు కోర్లు ఫేజులకి, అరకోరు న్యూట్రల్‌కి. ఎలాగూ అందులో కరెంటుండదని ఎప్పటి నుంచో న్యూట్రల్‌ని సుమారు సగం లావే పెడుతున్నారు. సగం లావంటే రెసిస్టెన్స్ రెట్టింపు. మూడు రెండ్ల ఆరు. ఫేజు వైరుకంటే ఆరు రెట్లు వేడి, సగం లావు వైరులో! ఇక న్యూట్రల్‌కి సాధారణంగా ఫ్యూజు పెట్టరు, పెట్టకూడదు కూడా.

ఇది చివరాఖరి పరిస్థితి, ఒప్పుకుంటా. నిజం ఇళ్ళలో గీజర్లూ ఫ్యాన్లూ ఉంటాయి, అవి బుద్ధిగానే లాగుతాయి. పెద్ద పవర్ సప్లైల్లో చాలావాటికి పీఎఫ్‌సీ అనే ఇంకో స్టేజి ఉంటుంది, అది కరెంటుని రోజంతా విడతలవారీగా, వోల్టేజి ఆకారంలోనే లాగేలా చూస్తుంది. కానీ ఐఈసీ 61000-3-2 ప్రమాణంలోని పరిమితులు 75 వాట్ల లోపు వాటికి, దీపాలు మినహా, వర్తించవు. మన 65 వాట్ల చార్జర్ హాయిగా తప్పించుకుంటుంది. ఒక్కటి తప్పించుకుంటే ఏం కాదు. ఒక బిల్డింగులో రెండొందలు తప్పించుకుంటే?

మాది హైదరాబాదులో మియాపూర్ వైపు అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఇంట్లో కనీసం ఒక ఐటీ జీవి, కొన్నిళ్ళల్లో ఇద్దరు. 2024 జూన్లో ఒక రాత్రి మెయిన్ ప్యానెల్లో న్యూట్రల్ జాయింటు కాలి తెగిపోయింది. న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 300, 350 అలా ఎగబాకుతుంది. ఇరవై ఇళ్ళల్లో సెట్‌టాప్ బాక్సులూ, రౌటర్లూ, రెండు ఫ్రిజ్ బోర్డులూ, మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటరూ పోయాయి. ఆ రాత్రి పొరుగింటాయన కార్లో సిలిండర్ కోసం పరిగెత్తాడు. ఆవిడ బాగానే ఉన్నారు.

జాయింటు లూజుగా ఉండటమే అసలు కారణం, అందులో సందేహం లేదు. కానీ లూజు జాయింటులో కరెంటే లేకపోతే అది ఎందుకు కాలుతుంది? అసోసియేషన్ మీటింగులో ఇదే అడిగాను. కేబులు పాతబడిందని కొత్తది వేయిద్దామనుకుంటున్నారు, మళ్ళీ మూడున్నర కోరే.

"న్యూట్రల్ల కరెంటే ఉండది సార్, అరకోరు సాలు. ఇరవై ఏండ్ల సంది గిట్లనే ఏస్తున్నం" అన్నాడు మా ఎలక్ట్రీషియన్. ఇరవయ్యేళ్ళ కింద ఆయన మాట చాలావరకు కరెక్టే. ఇళ్ళల్లో ఉన్నవి పసుపు బల్బులూ, ఫ్యాన్లూ కదా.

"బాబూ, నువ్వు సాఫ్ట్‌వేరు కదా" అన్నారు ట్రెజరర్ అంకుల్. ఆయన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ఆ మాటలో వెటకారమేం లేదు, ఖర్చు గురించిన భయం ఉంది.

వాదించి లాభం లేదని, రాత్రి తొమ్మిదింటికి రమ్మని ఎలక్ట్రీషియన్‌నే క్లాంప్ మీటర్ పట్టుకోమన్నాను. మీటర్ మాత్రం నాది, ట్రూ ఆర్ఎంఎస్‌ది. చవక మీటర్లు కరెంటుని రెక్టిఫై చేసి, సగటు తీసి, దాన్ని 1.11తో గుణించి చూపిస్తాయి. మన ఫుల్ వేవ్ ఫారమ్ ఫ్యాక్టరే అది. సైన్ అలకి సరిపోతుంది, చార్జర్లే ఉన్న లైను మీద నిజంలో సగం కూడా చూపించకపోవచ్చు. మూడు ఫేజుల్లో 31, 28, 33 ఆంపియర్లు వచ్చాయి. ఈ తేడాకి లెక్క ప్రకారం న్యూట్రల్లో నాలుగో ఐదో రావాలి. ఇరవై రెండు వచ్చింది.

ఎలక్ట్రీషియన్ క్లాంపు తీసి మళ్ళీ పెట్టాడు. ఇరవై రెండే. తీగ మీద చెయ్యి పెట్టబోతే నేనే ఆపాను :)

అంకుల్ ఆ ఫోటోని అసోసియేషన్ గ్రూపులో పెట్టి నాలుగు కోర్ల కేబుల్‌కి కూడా కొటేషన్ తెప్పించారు. ఒక్కో ఫ్లాటుకి తేడా రెండు వేలు కూడా పడలేదు. అయినా ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు, అరకోరుతో బిల్డర్ ఇన్నాళ్ళూ నడిపించాడుగా అన్నారు. ఆ మీటింగులో ఆక్సిజన్ ఆవిడ కొడుకు లేచి, ఆ తేడా అంతా తనొక్కడే కట్టుకుంటానన్నాడు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అందరి దగ్గరా సమానంగానే వసూలు చేశారు. కేబులు మారింది, జాయింట్లు ఆర్నెల్లకోసారి బిగించాలని రిజిస్టర్లో రాశారు.

ఎలక్ట్రీషియన్ తర్వాత తను కూడా ఒక ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ కొనుక్కున్నాడు, ఏది కొనాలో నన్నే అడిగి. పోయినవారం ఇంకో బిల్డింగ్ ప్యానెల్ ముందు నిలబడి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. న్యూట్రల్ మీద 26. కింద రాశాడు: "గీడ గూడ మీ అపార్ట్‌మెంట్ లెక్కనే ఉంది సార్. ఈళ్ళ ప్రెసిడెంట్ నమ్ముతలేడు, జర ఫోన్ల మాట్లాడుతరా?"