తాడు లాగినంత మేర

మా నాన్న తరిమెన పట్టేటప్పుడు తాడు లాగడం నా పని. రెండు దిమ్మెల మధ్య, రెండు ఇనప ములుకుల మీద, మంచం కోడు అడ్డంగా పడుకుని ఉండేది. దాని ఒంటికి రెండు చుట్లు తాడు తిప్పి, రెండు కొసలూ నా చేతికిచ్చి ఎదురుగా కూర్చోబెట్టేవాడు. కుడి కొస లాగితే కోడు ఆయన వైపు తిరిగేది, అప్పుడు ఉలి ఆనించేవాడు. ఎడమ కొస లాగితే వెనక్కి తిరిగేది, అప్పుడు ఉలి ఎత్తేసేవాడు. ఆనించు, ఎత్తు. ఆనించు, ఎత్తు. ఒక మంచానికి నాలుగు కోళ్ళు. నాలుగో కోడు దిగేసరికి నా అరచేతులు బొబ్బలెక్కేవి. కాస్త మందగించానా, "తాడు లాగుతున్నావా, జోగుతున్నావా రా?" అని తల ఎత్తకుండానే అడిగేవాడు.

తర్వాతెప్పుడో ఫిజిక్సు చదువుకున్నాక ఒక సంగతి తట్టింది. తాడు ఎంత మేర కదిలితే కోడు చర్మం కూడా అంతే మేర కదులుతుంది. అంటే ఉలి కింద నుంచి లేచే చెక్క పొర నా లాగుడు కంటే పొడవు ఉండటానికి వీల్లేదు. నా చేతులు చిన్నవి కాబట్టి మా నాన్న పొరలు పొట్టివి. పెద్దవాడెవడైనా వచ్చి లాగితే పొరలు పొడుగ్గా వచ్చేవి. అది ఆయన పనితనంలో తేడా అనుకునేవాణ్ణి అప్పట్లో.

ఉలి మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "ఇది చేత్తో పట్టుకున్నవాడు ఈ వాకిట్లోనే ఉండిపోతాడు" అనేవాడు. నేను ఉండిపోలేదు. యలమంచిలి దాటి, విశాఖపట్నం దాటి, జూనియర్ కాలేజీలో పాతికేళ్ళ పైన పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ దిమ్మెలూ ములుకులూ ఎవరు కొన్నారో, ఎంతకిచ్చేశాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు డాలస్ శివారులో మా అబ్బాయి ఇంటికి ఆర్నెల్ల కోసం వచ్చి ఉన్నాను. ఇక్కడ మా వయసు వాళ్ళకి వారంలో రెండు పూటలు గుడి, సాయంత్రం చెరువు చుట్టూ నడక, ఆ నడకలో మోకాళ్ళ గురించి మాటలు. మా వాడు ఒక రోజు ఫోను నా ముందు పెట్టి, "నాన్నా, మన ఊళ్ళోనే చెక్క తరిమెన పట్టేవాళ్ళ క్లబ్బు ఉంది, చందా కట్టేశాను" అన్నాడు. మనవడికి ఉలి అంటకూడదని కొడుకుని చదివించాడు మా నాన్న. ఆ మనవడే నేను ఉలి పట్టుకోవడానికి డాలర్లు కట్టాడు. ఏం చెప్పాలో తెలియక కాఫీ తాగాను.

అమెరికాలో ఇలాంటి క్లబ్బులు ఊరూరా ఉన్నాయి. 1986లో పుట్టిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ అనే సంఘం మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో ఉంది, దాని కింద 350కి పైగా స్థానిక శాఖలున్నాయి. మాది ఒక చర్చి వెనకాల హాల్లో నెలకోసారి కూడుతుంది. చొక్కాకి పేరు బిళ్ళ తగిలించుకోవాలి. నా పేరులో వాళ్ళకి మొదటి రెండక్షరాలే నోరు తిరిగాయి, అవే ఉంచేశారు. ఒకాయన ఫైరింజన్ మీద పనిచేసి రిటైరయ్యాడు, ఒకాయన పళ్ళ డాక్టరు, ఒకావిడ స్కూలు బస్సు నడుపుతుంది. ఎవరి తాతా వడ్రంగి కాదు. ఎవరూ ఎవర్నీ "మీరేవిట్లు?" అని అడగరు. మొదటి రోజు ఆ ప్రశ్న కోసం ఎదురుచూశానని ఇంటికొచ్చాక గానీ నాకు తెలియలేదు.

సమావేశంలో ముందు బల్ల మీద ఆ నెల చేసినవి పెడతారు. గిన్నెలు, మూతల డబ్బాలు, క్రిస్మస్ చెట్టుకి వేలాడే గంటలు, పెన్నులు. ఒక్కొక్కరూ లేచి తన వస్తువు ఎత్తి చూపిస్తూ ముందు దాన్లో తప్పెక్కడుందో చెప్తారు: ఇక్కడ ఉలి దిగబడింది, ఇక్కడ అంచు పల్చబడి చిల్లు పడింది, అందుకే గిన్నె గరాటు అయింది. అందరూ నవ్వుతారు, చప్పట్లు కొడతారు. మన సాహిత్య సభల్లో ఈ పద్ధతి పెడితే మధ్యాహ్న భోజనం లోపల ముగిసిపోతాయి. తర్వాత లాటరీ. తుపానుకి పడిన చెట్టు దుంగలు కారు డిక్కీల్లో వేసుకొస్తారు. డాలరు టిక్కెట్టు కొని, నంబరు తగిలితే ఆ దుంగ మోసుకుపోతారు. వేలిముద్రంత పురుగు రంధ్రం ఉన్న దుంగకి డిమాండెక్కువ. మా నాన్న అయితే పొయ్యిలోకి తోసేవాడు.

మొదటి పాఠం నాకు ఫైరింజన్ ఆయన చెప్పాడు. ముఖానికి అద్దం ముసుగు తగిలించి, కరెంటు లేతు మీద జానెడు మేపుల్ ముక్క బిగించి, దోనెలా వంగిన ఉలి చేతికిచ్చాడు. ముందు ఉలి మడమ చెక్కకి ఆనాలి, తర్వాత పిడి మెల్లగా పైకెత్తితే అంచు దానంతటదే చెక్కని అందుకుంటుంది, అన్నాడు. వేగానికి ఒక లెక్క కూడా చెప్పాడు: చెక్క వ్యాసం అంగుళాల్లో తీసుకుని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలి. పెద్ద గిన్నె నిదానంగా, సన్నటి పుల్ల వేగంగా. నాకు నచ్చింది. ఆనించాను. పొర లేచింది. ఎత్తేశాను. ఆనించాను. ఎత్తేశాను.

"ఎందుకు ఎత్తుతున్నావు?" అన్నాడాయన.

చెక్క ఒకే వైపు తిరుగుతోంది. వెనక్కి వచ్చేది లేదు. ఎత్తాల్సిన పని లేదు. అరవై ఏళ్ళ క్రితం ఎదురుగా కూర్చుని తాడు లాగుతూ నా కళ్ళు నేర్చుకున్న పని, ఉలి ఎప్పుడూ పట్టని నా చేతులు ఎప్పుడు దొంగిలించాయో తెలీదు. ఆయనకి తాడు సంగతి చేతులు తిప్పి చూపించాను. ఆయన లేతు ఆపేసి, నలుగురినీ పిలిచి, మళ్ళీ చూపించమన్నాడు.

ఇక్కడ వీళ్ళకి ప్రాణం మెస్కీట్ కర్ర. ఆ పేరు విని ఏ మహావృక్షమో అనుకున్నాను. తీరా చూస్తే ముళ్ళు, వంకర కొమ్మలు, సన్న ఆకులు. మన సర్కారు తుమ్మకి స్వయానా దాయాది. 1877 ప్రాంతాల్లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారట మన తుమ్మని, వంటచెరుకు కరువు తీరుతుందని. కరువు తీరిందో లేదో గానీ చెరువు గట్లన్నీ అదే అయింది. మనం దాన్ని తిడుతూ బొగ్గు కాల్చుకుంటాం. టెక్సాసు పశువుల కాపర్లూ తమ చెట్టుని అలాగే తిడతారు. లేతు మనుషులు మాత్రం దాన్ని బంగారంలా చూస్తారు, కారణం ఉంది. ఏ చెక్క గిన్నె అయినా పచ్చి దుంగ నుంచి తీస్తే ఆరేకొద్దీ ముడుచుకుని కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. అందుకని ముందు మందంగా, పది అంగుళాల గిన్నెకి అంగుళం అంచు చొప్పున తీసి, పొట్టుతో సహా కాగితం సంచిలో పెట్టి నెలల తరబడి ఆరనిచ్చి, మళ్ళీ లేతుకెక్కించి సరిచేస్తారు. మెస్కీట్‌కి ఆ గొడవ చాలా తక్కువ. పెద్దగా ముడుచుకోదు. పగుళ్ళుంటే వాటిలో నీలం రాయి పొడి నింపి జిగురు పోసి నునుపు చేస్తారు. మట్టిరంగు కర్రలో నీలి ఏరు పారినట్టుంటుంది. మన సర్కారు తుమ్మతో ఎవరైనా ఇలా చేసి చూశారేమో. నేనైతే ఊరికెళ్ళగానే ఒక దుంగ తెప్పిస్తాను.

బోడార్క్ అని ఇంకో కర్ర ఉంది. కోస్తే పసుపు ముద్దలాంటి రంగు. ముట్టుకోగానే బొబ్బిలి వీణల పనస చెక్క గుర్తొచ్చింది. అడిగితే రెండూ మల్బరీ కుటుంబమేనని పళ్ళ డాక్టరు చెప్పాడు. ఈ మనిషికి పళ్ళ కంటే చెట్లు బాగా తెలుసు.

క్లబ్బు చేసే పనుల్లో నాకు మొదట నవ్వులాటగా అనిపించినవి ఉన్నాయి. చిల్లులు పడిన చెట్టుబొడిపె నుంచి మెడ సన్నటి కుండీ తీస్తారు, లోపలంతా వంకీ ఉలితో కళ్ళు మూసుకున్నట్టు తవ్వుతారు, గోడలు అప్పడంలా వచ్చేదాకా. నీళ్ళు పోస్తే నిలవవు, పువ్వు పెడితే కుళ్ళుతుంది. మా నాన్న చేతి వస్తువు ఏదైనా మనిషి బరువు మోసింది, లేదా పప్పు ఎనిపింది, లేదా మజ్జిగ చిలికింది. ఎందుకూ పనికిరాని దాన్ని అంత శ్రద్ధగా చేయడం ఆయన చూసి ఉంటే ఏమనేవాడో.

కానీ వేరే పనులూ ఉన్నాయి. పెద్ద జబ్బులతో ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకి ఒక్కో సూదిమందుకీ ఒక్కో చికిత్సకీ ఒక్కో రంగు పూస ఇచ్చే కార్యక్రమం అమెరికాలో ఉంది. ఆ పూసలు దాచుకోవడానికి మూత డబ్బాలు ఇలాంటి క్లబ్బుల వాళ్ళు చేసి పంపుతారు. మూత మరీ బిగుతుగా ఉండకూడదు, నీరసంగా ఉన్న పిల్ల చెయ్యి తెరవగలగాలి. ఆ ఒక్క మాట విన్నాక నేను ఆ డబ్బా మూత మీద మూడు వారాలు కూర్చున్నాను. మొదటి మూత బిగుసుకుపోయింది, రెండోది ఊడిపోయింది, మూడోది కుదిరింది. ఇంకోటి, ఆకలి కోసం గిన్నెలు. 1990లో మిచిగన్‌లో ఒక స్కూలు ఆర్టు మేష్టారు మొదలెట్టిన పద్ధతి. వచ్చినవాళ్ళు ఒక గిన్నె ఎంచుకుని డబ్బిచ్చి, సూపు తాగి, గిన్నె ఇంటికి తీసుకెళ్తారు. డబ్బు అన్నం లేనివాళ్ళకి. మొదట మట్టి గిన్నెలే, ఇప్పుడు చెక్కవీ పెడుతున్నారు.

ఒక నెల మెరుగుల మీద పాఠం. చెప్పేవాడు ఒక సీసా తీసి, గుడ్డకి రెండు చుక్కలద్ది, తిరుగుతున్న పెన్ను మీద నొక్కాడు. రాపిడి వేడికి మెరుపు పుట్టుకొచ్చింది. సీసా చేతికి రాగానే వాసన చూశాను. మా ఇంటి పంచ వాసన. చపడా లక్కని స్పిరిట్‌లో నానబెట్టి మా నాన్న కుర్చీలకి పెట్టిన పాలిషే. మోదుగ మీదా కుసుమ మీదా రేగు మీదా బతికే పురుగు స్రవించేది ఆ లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి బయల్దేరి సముద్రాలు దాటి వీళ్ళ సీసాలోకి చేరింది. ఆవేశంలో లేచి, మా పక్క ఊరు ఏటికొప్పాకలో లక్కని స్పిరిట్‌లో కరిగించరు, కర్రలా చేసి నేరుగా తిరిగే చెక్క మీదే నొక్కుతారు, అని చెప్పేశాను. పసుపుతోనో జాఫ్రా గింజలతోనో రంగు పట్టించిన లక్క. ఎండిన మొగలి ఆకుతో చివర్న రుద్దుతారు, అద్దంలా వస్తుంది. మా చెల్లెలి లక్కపిడతలు అలాగే పుట్టాయి. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చెట్ల రంగుల్ని మళ్ళీ తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి ఆ బొమ్మలే ఆంధ్రప్రదేశ్ శకటమెక్కి ఢిల్లీలో ఊరేగాయి. అంకుడు కర్ర దొరకడమే గగనమైపోయిందని అక్కడి పనివాళ్ళు మొత్తుకుంటున్న సంగతి కూడా చెప్పాను.

ఇక చూపించమన్నారు. వచ్చేటప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్న పసుపు లక్క ముక్క ఒకటి నా పెట్టెలో ఉంది. వచ్చే నెల సరే అన్నాను. అనకూడదు. నాకు తెలిసింది చూడటమే. మంచం కోళ్ళ ఇంట్లో పుట్టినవాడికి లక్క పని వస్తుందనుకోవడం, వీణ చెక్కినవాడికి వాయించడం వస్తుందనుకోవడం లాంటిది. వేగం ఎక్కువ పెట్టాను. లక్క ఒక్కసారిగా కరిగి, దారాలు దారాలుగా లేచి నా ముసుగు అద్దం మీద, ముందు వరసలో కూర్చున్నావిడ కళ్ళజోడు మీద పడింది. వేగం తగ్గించమన్నాడు డాక్టరు. తగ్గించాను. ఈసారి పట్టింది, కానీ ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా, తామరలా. ఏటికొప్పాక మనిషి చూస్తే తల తిప్పుకునేవాడు. ఇక్కడివాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను వాళ్ళ పద్ధతి ప్రకారం ముందు తప్పులన్నీ చెప్పాను. చెప్పడానికి చాలానే ఉన్నాయి.

ఆ రాత్రి మా అబ్బాయితో అన్నాను, ఇవి అమ్ముకుంటే ఎంతొస్తుందిరా అని. గంటల లెక్కన చూస్తే చాక్లెట్ల ఖర్చు కూడా రాదని వీళ్ళే అంటారు. ఇక్కడ నష్టపోతే నవ్వొస్తుంది. మా నాన్నకి ఆ పనే అన్నం. కోడు కాస్త వంకరొస్తే ఆ వారం నూకలే. అదే ఉలి, అదే తిరుగుడు. చప్పట్లు మాత్రం ఆయన ఎన్నడూ వినలేదు.

పోయిన శనివారం మనవణ్ణి తీసుకెళ్ళాను. పదకొండేళ్ళవాడు, పెద్దవాళ్ళెవరైనా పక్కనుంటే పిల్లల్ని రానిస్తారు. స్కూలు పిల్లలకి పంచడానికి బొంగరాలు చేస్తున్నారు ఆ రోజు. వీళ్ళ బొంగరం వేళ్ళతో తిప్పేది, తాడూ ములుకూ ఉండవు. నేను ఒకటి మన పద్ధతిలో మేకు దించి, తాడు చుట్టి విసిరాను. నేల మీద నిద్రపోయింది. హాలంతా దాని చుట్టూ చేరింది.

"తాతయ్యా, నేనూ ఉలి పడతా" అన్నాడు వాడు.

నా నోట్లోకి మా నాన్న మాట వచ్చేసింది. మింగాను. పచ్చి పెకాన్ ముక్క బిగించాను, ముసుగు తొడిగాను, వాడి మోచేతులు పక్కలకి అతికించాను. మడమ ఆనించు, పిడి మెల్లగా లేపు. దిగబడింది ఒకసారి, చెక్క దిమ్మదిరిగేలా మోగింది, వాడు ఒక అడుగు వెనక్కేశాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉలి కింద నుంచి పొర లేచింది. తెగలేదు. తడిగా, రిబ్బనులా, వాడి భుజం మీదుగా వెళ్ళి నేల మీద కుప్పగా పడుతోంది. వాడు ఎత్తడం లేదు.

"చేతులేంటి అలా ఊపుతున్నావ్ తాతయ్యా?" అన్నాడు కళ్ళు తిప్పకుండానే.

చూసుకున్నాను. కుడి చెయ్యి ముందుకీ, ఎడమ చెయ్యి వెనక్కీ పోతున్నాయి.

"ఏం లేదు. నువ్వు ఆపకు" అన్నాను.