ఐదు చేతిరాతలు

మొన్న ఆదివారం అమలాపురంలో ఒక పుస్తకావిష్కరణకు వెళ్లి సభ మధ్యలోనే లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నా కోపం తగ్గలేదు. రాత్రి కంచం ముందు కూర్చున్నా తగ్గలేదు.

పుస్తకం రాసినాయన నాకు ముప్పై ఏళ్లుగా స్నేహితుడు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు వేశారు. తొమ్మిదిమందీ మాట్లాడారు. ఆ పుస్తకంలో ఉన్న ఒక్క కవిత పేరైనా ఏ ఒక్కరి నోటి వెంటా రాలేదు. ఒకాయన చేతిలో ఉన్న ప్రతికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అలాగే పైకెత్తి చూపించి, ఇలాంటి కవిత్వం ఇంతవరకూ రాలేదన్నాడు. ఆ తర్వాత శాలువాలు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి ఏడు కప్పారు. ఎండాకాలం ఉక్క, పైన తిరగని ఫ్యాను. ఆ బరువు కింద మనిషి చెమటతో తడిసిపోతూ మా వైపు తల తిప్పి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రాసింది చదివి వినిపించి, కాగితం మడుస్తూ ‘ఎలా ఉందండీ?’ అని అడిగేవాడి చూపు అది. అంతమంది ఉన్న ఆ హాల్లో దానికి జవాబు చెప్పేవాడు ఒక్కడూ లేడు.

రాసేవాడికి కావలసింది వినేవాడు. నా మటుకు నాకు రచయితల స్నేహమంటే ఇదొక్కటే. అచ్చయ్యాక చప్పట్లు ఎవరైనా కొడతారు. కొట్టివేతలతో, అంచుల్లో బాణం గుర్తులతో ఇంకా పచ్చిగా ఉన్న కాగితాన్ని గంటసేపు ఓపిగ్గా విని, తప్పుంటే మొహం మీద చెప్పి, చెప్పాక కలిసి టీ తాగేవాడు కావాలి. అలాంటివాళ్లు నాకు నలుగురు దొరికారు.

లెక్కల మాస్టారు, హిందీ పాఠాలు చెప్పే అక్క, ఆర్టీసీ కండక్టరు, అంబాజీపేటలో కొబ్బరి కమీషన్ కొట్టు గుమస్తా, నేను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయం వరండాలో చేరేవాళ్లం. గుమస్తా కవితలన్నీ కొట్టు చీటీల వెనక రాసేవాడు. వెయ్యి కాయల ధర, వలుపు కూలి, బస్తాల లెక్క ముందు వైపు, కవిత వెనక వైపు. అతను కాగితం ఎత్తి పట్టుకుని చదువుతుంటే లెక్కలు మా వైపుకి కనిపించేవి. ధర పడిపోయిన వారం కవిత ఎలా ఉంటుందో అంకెలు చూసే చెప్పేవాళ్లం. కొబ్బరి దింపు రోజుల్లో అతను రావడం ఆలస్యమయ్యేది. చేతులకు పీచు వాసన, చొక్కా మీద పొట్టు. వచ్చీ రాగానే, ‘నా కోసం ఆగారా అండీ?’ అని అడిగేవాడు. అతని కోసం ఆగేవాళ్లం.

మాకు ఉన్నది ఒకే కట్టుబాటు. ‘బాగుంది’ అనకూడదు. బాగుంటే ఏ వాక్యం బాగుందో చెప్పాలి, బాగులేకపోతే ఎక్కడ కాలు తగిలిందో చెప్పాలి. మాస్టారు కళ్లు మూసుకుని వినేవారు. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతున్నట్టు కదులుతూ ఉండేది. తప్పు రాగానే అది ఆగేది. చదివేవాడికి గొంతు తడబడేది. ఒకసారి నా కథ అయ్యాక కళ్లు తెరిచి, ‘ముసలావిడ రేవులో మునిగింది, వెంటనే గుళ్లో ప్రసాదం పంచుతోంది. తడిచీర ఎప్పుడు మార్చుకుందండీ?’ అని అడిగారు. అక్క ఇంకో రోజు, ‘మీ కథల్లో ఆడవాళ్లు ఇంతలేసి ఏడుపులు ఏడుస్తారేం తమ్ముడూ? మా ఇళ్లల్లో ఏడవడానికి తీరికెక్కడిది?’ అంది. ఆ రెండు మాటలూ నాకు నేర్పినంత కథ ఏ పుస్తకమూ నేర్పలేదు. ఇప్పటికీ ఏం రాసినా ముందు చీర సంగతి చూసుకుంటాను.

మాకు ముందూ ఇలాంటివాళ్లు ఉన్నారు. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి గారు సభాపతిగా తెనాలిలో సాహితీ సమితి నడిచింది. కృష్ణశాస్త్రి, వేదుల, నండూరి, నాయని, చింతా దీక్షితులు అందులో వాళ్లే. శివశంకరశాస్త్రి గారిని వాళ్లు పిలిచిన పిలుపు ‘అన్నగారు’. సంఘానికి అధ్యక్షుడు ఎవరైనా అవుతాడు. కవులందరి చేతా అన్నగారని పిలిపించుకోవాలంటే వాళ్ల పద్యాలు విని ఉండాలి, వాళ్ల కష్టసుఖాలు అడిగి ఉండాలి. మా అక్క కూడా మాకు అలాగే అక్క అయింది.

ఆ సమితిలో దీక్షితులు గారంటే నాకు మరీ ఇష్టం. గౌతమికి అవతల, ద్రాక్షారామం వైపున్న దంగేరులో 1891లో పుట్టారు. సూరి, సీతి, వెంకి అని పిల్లలకు కథలు రాసిన మెత్తని మనిషి. ఆయన ప్రాణస్నేహితుడు ఎవరు? చలం. ఒకరు పిల్లల చేత కబుర్లు చెప్పించారు, ఒకరు ‘మైదానం’ రాసి తెలుగు ఇళ్ల తలుపులన్నీ దడదడలాడించారు. ఇద్దరూ విద్యాశాఖలో ఉద్యోగం చేసినవాళ్లే తప్ప రాతలో ఒకరి దారి ఒకరిది కాదు. అయినా దీక్షితులు గారికి చలం రాసిన ఉత్తరాలు ఒక పుస్తకం అయ్యాయి. చలానికి రమణ మహర్షిని చూపించింది దీక్షితులు గారే. 1950లో చలం ఆ మహర్షి ఆశ్రమం ఉన్న అరుణాచలం వెళ్లి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయారు. ఒక స్నేహితుడు చూపించిన చోట ఇంకో స్నేహితుడు దాదాపు ముప్పై ఏళ్లు బతికాడు. ఆ ఉత్తరాలు తీసినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది: ఒకేలా రాసేవాళ్లు కలిస్తే ముఠా అవుతుంది, వేరువేరుగా రాసేవాళ్లు ఒకరికొకరు చదువుకుంటే స్నేహం అవుతుంది.

తిరుపతి వేంకట కవుల సంగతి సరేసరి. కడియంలో పుట్టి యానాంలో చదువుకున్న చెళ్లపిళ్ల, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారితో కలిసి ఊరూరా అవధానాలు చేశారు. 1920లో తిరుపతిశాస్త్రి గారు పోయారు. చెళ్లపిళ్ల 1950 దాకా ఉన్నారు. ఆ ముప్పై ఏళ్లలో కూడా ఆయన జంట పేరుతో పుస్తకాలు వేశారు. లేని మనిషి పేరు ముందు పెట్టి తన పేరు వెనక పెట్టుకున్నారు. శాలువాలు కప్పేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఈ కథలన్నీ, కవులు కూర్చున్న అరుగులతో సహా, నేను వరండాలో తన్మయంగా చెబుతుంటే ఒకనాడు కండక్టరు అడ్డం వచ్చాడు. రాజోలు దగ్గర పేటలో పుట్టిన మనిషి. ‘మీరు అరుగులూ కవులూ అంటుంటే నాకు ముందు అరుగే కనపడుద్దండీ. మా తాతని ఏ అరుగు మీదా కూర్చోనివ్వలేదు’ అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. తర్వాత అతనే మామిడికుదురు బోయి భీమన్న గారి గురించి చెప్పాడు. 1911లో రాజోలు తాలూకాలో అంటరానివాడిగా పుట్టి, పాలేరు కుర్రవాణ్ని కథానాయకుణ్ని చేసి ‘పాలేరు’ నాటకం రాసిన మనిషి. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న మనిషి. అంతటివాడికి చిన్నతనంలో కూర్చుని వినడానికి ఏ అరుగు దొరికి ఉంటుంది? ఆ రోజు నుంచి ఎంత వానొచ్చినా మా చదువులు ఎవరి ఇంటికీ మార్చలేదు. వరండాలోనే, జల్లు పడని మూలకు జరిగి కూర్చునేవాళ్లం. అది అందరిదీ. మెట్లెక్కడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక మాస్టారి నవల సంగతి. దీనికోసమే ఇదంతా రాస్తున్నట్టున్నాను.

మాస్టారిది అల్లవరం వైపు పల్లెటూరు. పదకొండేళ్లు కూర్చుని ఒక నవల రాశారు. ఒక రేవు, ఆ రేవులో పడవ నడిపే ముగ్గురు అన్నదమ్ములు. ఆదివారానికి నాలుగైదు పేజీల చొప్పున మేము విన్నాం. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళికి నాలుగు రోజుల ముందు, తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పలేను. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి, వేళ్లతో లేచి, తోటలకు తోటలు నేలమీద ఉన్నాయి. మూడో రోజు మేం నలుగురం పడిపోయిన మానులు ఎక్కుతూ దిగుతూ నడిచి ఆయన ఊరు చేరాం. ఇంటి పెంకు ఒక్కటీ మిగల్లేదు. మాస్టారు ఇంటి గురించి ఒక్క మాట అనలేదు. చేటలో ఏదో పెట్టుకుని వచ్చి మా ముందు పెట్టారు. నవల. ట్రంకుపెట్టెలో ఉండాల్సింది, ఆ రాత్రి దిద్దుకుంటూ బల్లమీదే ఉంచేశారు. కాగితాలన్నీ తడిసి ఒక ముద్ద. నీలం సిరా కారి చేట అడుగున మరక కట్టింది.

అక్క ముందు కొంగు దోపుకుంది. ఉడికిన పనసాకు దొన్నె విడదీసినట్టు, ఒక్కో కాగితం గోటితో విడదీసింది. చాపలు పరిచి, కాగితాలు వరసగా పెట్టి, ఎగిరిపోకుండా పెంకుముక్కలు పెట్టాం. పెంకుముక్కలకు ఆ రోజు కొదవ లేదు. రెండు రోజులు అక్కడే ఉండి ఎండ వచ్చినప్పుడు తిరగేశాం, మబ్బు పట్టినప్పుడు లోపలికి లాగాం. ఆరినవాటిని నాలుగు కట్టలు చేసి తలొకటి పట్టుకెళ్లాం. సిరా ఇంకిపోయి అచ్చులా మిగిలిన గీతలను దీపం పక్కన వాల్చి చూసి, కొత్త కాగితాల మీదికి ఎత్తి రాశాం. బొత్తిగా కనపడని చోట మాకు తోచింది రాద్దామా అంటే మాస్టారు ఒప్పుకోలేదు. ‘ఖాళీ వదిలెయ్యండి. నాకు గుర్తొచ్చినప్పుడు నేనే నింపుతాను’ అన్నారు. నాలుగు నెలలు పట్టింది. 312 పేజీలు. గుమస్తా రాత గుండ్రం, లెక్కల పుస్తకంలో రాసినట్టు. కండక్టరు రాత కుడివైపుకి వాలి ఉంటుంది, కదిలే బస్సులో రాసినట్టు. అక్క అక్షరాలకు తలకట్లు విడివిడిగా ఉంటాయి. నాది చిన్నది. మధ్యమధ్య ఖాళీల్లో పెన్సిలుతో మాస్టారి రాత. ఉగాది ముందు ఆదివారం వరండాలో ఆ కట్ట ఆయన ఒడిలో పెట్టాం. ఆయన చదవలేదు. పేజీలు తిప్పుతూ రాతలు చూస్తూ కూర్చున్నారు. బొటనవేలు కణుపుల మీద కదల్లేదు.

అచ్చు వేద్దామనుకున్నాం. ముందుమాట ఉంటే బాగుంటుందని ఎవరో అన్నారు. నగరంలో ఒక పెద్దాయన ఉన్నారు, పేరు చెప్పను. మాస్టారు స్వయంగా బస్సెక్కి వెళ్లి, ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె, రాతప్రతి ఆయన చేతికిచ్చి వచ్చారు. నెల్లాళ్లలో పంపుతానన్నారాయన. నెల అయింది. మాస్టారు నెలకో కార్డు రాశారు. కార్డు ధర పెరిగాక కూడా రాశారు. ఒక్కదానికీ జవాబు లేదు. నేనూ గుమస్తా వెళ్లాం. ‘ఇల్లు మారాం కదండీ, ఎక్కడో ఉంటుంది, వెతికిస్తాను’ అన్నారు ఆ పెద్దాయన. ఆయన గదిలో నేలమీద నుంచి కిటికీదాకా కట్టలు కట్టలుగా రాతప్రతులు ఉన్నాయి. ఎవరెవరివో, ఏ ఊళ్లవో. దుమ్ము పట్టి ఉన్నాయి. నాకు తుఫాను మీద లేని కోపం ఆ గది మీద ఉంది. తుఫాను తడిపింది, మేము ఆరబెట్టుకున్నాం. ఆ గది మింగింది తిరిగి రాలేదు.

తడిసిన పాత కాగితాలు ఏమయ్యాయంటారా? ఎత్తి రాశాం కదా అని, బూజు పట్టినవాటిని మాస్టారే కాలవలో వదిలేశారు. 2003లో మాస్టారు పోయారు. పోయే ముందు నెలలో కూడా కార్డు రాశారు.

ఇది ఎవరినో తిట్టడానికి రాయలేదు. శాలువా కప్పడం తప్పని కూడా అనను. కప్పే ముందు ఒక్క పేజీ చదవమంటాను. నా స్నేహితుడి ఇంటికి నిన్న సాయంత్రం వెళ్లాను, ఆవిష్కరించిన ఆ పుస్తకమే పట్టుకుని. ఏడు శాలువాలూ మంచం మీద మడతపెట్టి ఉన్నాయి. మొదటి కవిత నుంచి చివరిదాకా పైకి చదవమన్నాను. రెండున్నర గంటలు పట్టింది. ఇరవై రెండో పేజీలో కాలు తగిలింది. చెప్పాను. ‘ఆయ్, నాకూ అక్కడే అనుమానంగా ఉందండీ’ అన్నాడు. కోపం అప్పుడు తగ్గింది.

మాస్టారి నవల్లో పదకొండు పేజీలు మా దగ్గర మిగిలాయి. ఎత్తి రాసేటప్పుడు తప్పులు పోయి అక్క పక్కన పెట్టేసిన కాగితాలవి. ఎత్తి రాసిన మూడు వందల పన్నెండూ ఎక్కడున్నాయో తెలియదు. మీ ఇంట్లో, మీ బీరువాలో, అటక మీద, ఎవరైనా చదివిపెట్టమని ఇచ్చిన రాతప్రతి ఉంటే, చదివినా చదవకపోయినా సరే, ఈ వారం తిరిగి ఇచ్చేయండి. దానికోసం ఒక మనిషి కార్డులు రాస్తూ ఉంటాడు.