పంపడం వేరు, చేరడం వేరు



వృత్తి నుంచి విరమించుకునే వైద్యుడు తన తరువాత వచ్చేవారికి ఏమేమి అప్పగిస్తాడని అడిగితే, పరీక్ష బల్ల, ఈసీజీ యంత్రం, బీరువా నిండా కేసు షీట్లు అని చెప్పవచ్చు. వీటన్నిటికంటె విలువైనది ఇంకొకటి ఉంది. ఫలానా వారు ఫలానా తేదీకి మళ్లీ రావాలి, రాకపోతే మనమే గుర్తుచేయాలి అని వ్రాసిపెట్టుకున్న జాబితా అది. నేను నా క్లినిక్కును ఒక యువ వైద్యురాలికి అప్పగించినప్పుడు, ఫోనుకూ ఈమెయిలుకూ సందేశాలు పంపే మా పాత సేవ నుంచి ఆమె ఎంచుకున్న కొత్త సేవకు ఆ జాబితాను మార్చవలసి వచ్చింది. ఒక పూటలో అయ్యే పని అని సేవ తరఫువారు చెప్పారు. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలలో తెలిసిన సంగతులు మీకూ, మీ ఇంటి పెద్దలకూ పనికివస్తాయన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

జాబితాలో ఎవరుంటారు?

జ్వరం వచ్చినవారు, కడుపునొప్పి వచ్చినవారు తమంతట తామే వైద్యుని వద్దకు వస్తారు. బాధే వారిని నడిపించుకు వస్తుంది. ఈ జాబితాలో ఉండేవారు చాలావరకు బాధ లేనివారు. అధిక రక్తపోటుకు సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. మధుమేహం కంటి రెటీనాను దెబ్బతీయడం మొదలుపెట్టిన దశలో చూపు బాగానే ఉంటుంది. అందుకే అంతా బాగున్నా ఏడాదికొకసారి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకోమంటాము. రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏళ్ల తరబడి వేయించుకోవాలి. చక్కగా ఆడుకుంటున్న పిల్లవాడికి ఇంకా సూది ఎందుకని తల్లిదండ్రులకు అనిపించడం సహజం. లోహపు కవాటం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్రలు జీవితాంతం వేసుకుంటూ, ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షతో మోతాదును సరిచూసుకుంటూ ఉండాలి. మందు ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే కవాటం మీద గడ్డ, రెండూ ప్రాణాంతకమే. హెపటైటిస్-బి టీకా మొదటి రెండు మోతాదులు వేయించుకుని, ఆరో నెలలో వేయించుకోవలసిన మూడో మోతాదును మరచిపోయేవారి సంగతి చెప్పనక్కరలేదు.

వీరిలో ఎవరి పేరు జాబితా నుంచి జారిపోయినా ఆ రోజున ఎవరికీ ఏమీ తెలియదు. రోగి వచ్చి తన పేరు ఏమయిందని అడగడు. ఆ లోటు బయటపడేది నెలల తరువాత, ఒక్కొక్కసారి ఏళ్ల తరువాత.

ఒకే ఫోను, నలుగురు మనుషులు

మా జాబితా మొదట చేతివ్రాత రిజిస్టరుగా ఉండేది. తేదీ దగ్గరపడగానే పోస్టుకార్డు వ్రాసేవాళ్లం. తరువాత ఫోన్లు, ఆ తరువాత కంప్యూటరు ద్వారా సందేశాలు వచ్చాయి. తల్లిదండ్రులకు సందేశాలు చదవడం అలవాటు లేదని, వారి తేదీలు తమకు ఈమెయిలు చేయమని హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, అమెరికా నుంచి పిల్లలు అడిగేవారు. అలా జాబితాలో కొన్ని పేర్ల పక్కన ఫోను నంబరు, కొన్నిటి పక్కన పిల్లల ఈమెయిలు చిరునామా చేరాయి.

ఈ జాబితాను పాత సేవ నుంచి ఒక ఫైలుగా దించి కొత్త సేవలోకి ఎక్కించగానే, అంతా విజయవంతంగా చేరిందని తెర మీద పచ్చరంగులో కనిపించింది. దాని కింద చిన్న అక్షరాలలో, నకళ్లు తొలగించినట్లు ఒక వాక్యం ఉంది. మా దగ్గర ఎంతో కాలంగా పనిచేస్తున్న కాంపౌండరు ఆ వాక్యం దగ్గర ఆగాడు. “మన రిజిస్టరులో ఎవరినీ రెండుసార్లు వ్రాయలేదు కదా డాక్టరుగారూ, నకళ్లు ఎక్కడివి?” అన్నాడు. పాత పేర్ల లెక్కనూ కొత్త పేర్ల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలింది. ఇటువంటి సేవలలో చాలావరకు ఒక ఫోను నంబరును, లేదా ఒక ఈమెయిలు చిరునామాను, ఒక మనిషిగా లెక్కవేస్తాయి. మన ఇళ్లలో ఒక ఫోను మీద మామగారి రక్తపోటు, అత్తగారి మధుమేహం, కోడలి థైరాయిడు, మనుమడి టీకాలు అన్నీ నడుస్తాయి. యంత్రం ఆ నలుగురిలో ఒకరిని ఉంచి, ముగ్గురిని నకళ్లని తీసివేసింది.

తీసివేసినవారిలో లోహపు కవాటం అమర్చిన ఒక యువతి ఉన్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. ఫోను చేస్తే అత్తగారు పలికారు. “కోడలు పుట్టింటికి వెళ్లిందండీ, నెల తప్పిందని ఇప్పుడే తెలిసింది. మందులు వేసుకుంటోందో మానేసిందో నాకు తెలియదు” అన్నారు. వైద్యం తెలిసినవారికి ఆ మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. వార్ఫరిన్ గర్భస్థ శిశువును చేరుతుంది. తొలి నెలలలో శిశువు ఎదుగుదలకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా మానేస్తే కవాటం మీద రక్తం గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటివరకు అన్నది గుండె వైద్యుడూ స్త్రీల వైద్యురాలూ కలిసి నిర్ణయించాలి. ఆ వారంలోనే ఆమె ఇద్దరినీ కలిశారు. జాబితా లెక్క సరిచూడకపోయి ఉంటే ఆమెకు మా నుంచి ఇక ఏ సందేశమూ వెళ్లేది కాదు.

ఆ తరువాత ప్రతి రోగికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి, ఫోను నంబరుకు బదులు ఆ సంఖ్యనే మనిషికి గుర్తుగా పెట్టాము. ఒకే నంబరుకు నాలుగు సందేశాలు వెళ్లినా, ఏది ఎవరిదో పేరుతో సహా తెలిసేటట్లు చేశాము.

చిన్నవిగా కనిపించే తప్పులు

ఎక్సెల్ వంటి పట్టికలో 91తో మొదలయ్యే పన్నెండు అంకెల ఫోను నంబరును మామూలు సంఖ్యగా ఉంచితే, అది 9.2 తరువాత ఏవో అక్షరాలతో కుదించి చూపుతుంది. ఆ రూపంలోనే సాదా ఫైలుగా భద్రపరిస్తే చివరి అంకెలు పోతాయి, మళ్లీ రావు. నంబర్ల వరుసను ముందుగానే అక్షరరూపంలోకి మార్చుకోవాలి. తేదీల సంగతి ఇంకా ప్రమాదకరం. మనము ముందు రోజు, తరువాత నెల వ్రాస్తాము. అమెరికా పద్ధతి దీనికి తలకిందులు. 03-04 అంటే మనకు ఏప్రిల్ 3, వారికి మార్చి 4. రోజు 13 గాని అంతకంటె ఎక్కువ గాని అయితే యంత్రం తడబడి తప్పు బయటపడుతుంది. 12 లోపు అయితే నిశ్శబ్దంగా తారుమారవుతుంది. మూడు వారాలకొకసారి పడవలసిన సూదికి ఇది ఎంత తేడాయో ఆలోచించండి. తెలుగులో ఉన్న పేర్లను యూనికోడ్ పద్ధతిలో భద్రపరచకపోతే అవి వరుసగా ప్రశ్నార్థకాలుగా మారతాయి.

ఎవరికి పంపకూడదు?

జాబితా మార్చేటప్పుడు ఎవరికి పంపాలన్నదానితో పాటు ఎవరికి పంపకూడదన్నదీ మారాలి. ఇక సందేశాలు వద్దని చెప్పినవారి పేర్లను పాత సేవ వేరే చోట దాచి ఉంచుతుంది. ఆ పేర్లు మరచి అందరినీ కొత్త సేవలో ఎక్కిస్తే, వద్దన్నవారికి మళ్లీ సందేశాలు మొదలవుతాయి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో ఉపసంహరించుకోవడమూ అంత సులభంగా ఉండాలంటుంది. చట్టం మాట అటుంచినా, వద్దన్న మాటను గౌరవించడం వైద్యుని మర్యాద.

మరణించినవారి పేర్లు మరీ జాగ్రత్తగా చూడాలి. భర్త పోయి ఏడాది తిరగకముందే ఆయన చక్కెర పరీక్షకు తేదీ దగ్గరపడిందని భార్య ఫోనుకు సందేశం వస్తే ఆమె మనసు ఎలా ఉంటుంది?

వాడకంలో లేని ఫోను నంబర్లను టెలికాం సంస్థలు కొంతకాలానికి వేరొకరికి కేటాయిస్తాయని కూడా గుర్తుంచుకోవాలి. మనము పంపినది అపరిచితుడు చదవవచ్చు. ఇంట్లోనే ఇతరులు చదవవచ్చు. అందుకే సందేశంలో జబ్బు పేరు, మందు పేరు ఉండకూడదు. పేరు, తేదీ, క్లినిక్కు ఫోను నంబరు చాలు. హెచ్ఐవీ విషయంలోనూ మానసిక వైద్యం విషయంలోనూ గోప్యతను 2017లో వచ్చిన రెండు వేర్వేరు చట్టాలు ప్రత్యేకంగా కాపాడుతున్నాయి. నా దృష్టిలో ఆ గోప్యత ప్రతి జబ్బుకూ అవసరమే.

కొత్త పేరును నమ్మేదెవరు?

ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం సంస్థలు పంపే ఫోను సందేశాలకు, పంపేవారి సంక్షిప్త నామమూ సందేశం నమూనా కూడా ముందుగా నమోదు కావాలి. క్లినిక్కు చేతులు మారితే ఆ పేరూ మారుతుంది. ఏళ్ల తరబడి ఒక పేరుతో వస్తున్న సందేశం హఠాత్తుగా మరో పేరుతో వస్తే పెద్దలు దాన్ని మోసమనుకుని తీసివేస్తారు. మోసాలు పెరిగిన ఈ రోజులలో అలా అనుమానించడమే మంచిది. కాబట్టి మేము పాత పేరుతోనే రెండుసార్లు ముందుగా తెలియజేశాము: వైద్యురాలు మారుతున్నారు, ఇక మీదట ఈ కొత్త పేరుతో సందేశం వస్తుంది, ఇష్టం లేనివారు చెప్పండి అని. ఆ సందేశంలో నొక్కడానికి ఏ లింకూ పెట్టలేదు.

క్షయ కార్యక్రమం నేర్పిన పాఠం

మన దేశంలో క్షయ నివారణ కార్యక్రమంలో పనిచేసినవారికి ‘బదిలీ’ అన్న మాట బాగా తెలుసు. ఆరు నెలల చికిత్స మధ్యలో రోగి ఊరు మారితే, కాగితం వ్రాసి ఇంకొక కేంద్రానికి పంపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సవరించిన నిర్వచనాల ప్రకారం, అలా పంపిన రోగికి చివరకు ఏమైందో తెలియకపోతే అతనిని చికిత్స విజయవంతమైనవారిలో కలపరు, ఫలితం తెలియనివారి లెక్కలో వేస్తారు. అవతలి కేంద్రంలో రోగి చేరాడన్న కబురు వచ్చేదాకా ఇవతలి కేంద్రం బాధ్యత తీరదన్నమాట.

మేమూ అదే సూత్రం పాటించాము. కొత్త సేవ నుంచి వెళ్లిన మొదటి సందేశానికి అందినట్లు జవాబు కోరాము. జవాబు రానివారికి కాంపౌండరు ఫోను చేశాడు. ఫోను కలవనివారి కోసం వారి వీధిలోనివారిని అడిగాము. పెన్సిలిన్ సూదుల పిల్లలు, వార్ఫరిన్ వాడేవారు, ఈ రెండు వర్గాలలో ఒక్కరు కూడా మిగలకుండా అందరితో మాట్లాడిన తరువాతే పాత సేవను మూసివేశాము.

మీరు చేయవలసినవి

ఈ జాగ్రత్తలన్నీ వైద్యుడు తీసుకుంటాడని ఊరుకోకండి. మీ వైద్యుడు మారినా, మీరు ఊరు మారినా, ఆసుపత్రి పాత కంప్యూటరు వ్యవస్థ మార్చినా ఈ అయిదూ చేయండి.

1. మీ జబ్బులు, వాడే మందులు వాటి మోతాదులు, పడని మందులు, తరువాతి పరీక్ష తేదీ ఒకే కాగితం మీద వ్రాసుకోండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కాగితాలు ఉండాలి.

2. ఫోను నంబరు మారిన రోజే వైద్యునికి తెలియజేయండి. ఒకే నంబరు ఇంటిల్లిపాదికీ వాడుతుంటే ఆ మాట స్పష్టంగా చెప్పండి.

3. మీ వైద్య పత్రాల నకళ్లు అడిగి తీసుకోండి. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం, మీరు కోరిన 72 గంటలలోపు వైద్యుడు వాటిని ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరి పొందిన చికిత్స వివరాలను, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఆలస్యం చేయకండి.

4. 14 అంకెల ఆభా సంఖ్య తీసుకున్నవారు మీ సమ్మతితో పత్రాలను దానికి అనుసంధానం చేసుకోవచ్చు. పాత కాగితాలు వాటంతట అవే అందులోకి రావు. వాటిని మీరే చేర్చుకోవాలి.

5. రావలసిన సందేశం రాకపోతే, అవసరం తీరిందని అనుకోకండి. మీరే ఫోను చేసి అడగండి.

ఇంట్లో వయసు మళ్లినవారు ఉంటే ఈ రోజే వారి పక్కన కూర్చుని, తరువాతి పరీక్ష ఎప్పుడని అడిగి చూడండి. “డాక్టరుగారి దగ్గర నుంచి మెసేజ్ వస్తుందిలే” అని జవాబు వస్తే, ఆ తేదీ కనుక్కుని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టండి.