ఎత్తుకి ధరెంత?

ఎత్తయిన బిల్డింగుల సంగతి ఎత్తితే చాలు, మనవాళ్ళు రెండు జట్లయిపోతారు. ఒక జట్టు "అభివృద్ధి అంటే అదేనండీ" అంటుంది, రెండోది "ఊరు నాశనం" అంటుంది. నాకైతే ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేస్తున్నారనిపిస్తుంది. 20 అంతస్తులు కట్టాల్సిన చోట 40 కట్టుకోనిస్తే ఆ స్థలం విలువ ఒక్క సంతకంతో పెరిగిపోతుంది. ఆ సంతకం ఊరిది. మరి ఊరికేంటి?

న్యూయార్క్ వాళ్ళు ఈ బేరం 1961లోనే మొదలెట్టారు. బిల్డింగు ముందు జనం కోసం ఖాళీ జాగా వదిలితే, బాగా కిక్కిరిసిన ప్రాంతాల్లో ప్రతి చదరపు అడుగుకీ 10 చదరపు అడుగులు అదనంగా కట్టుకోవచ్చన్నారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? తీరా 2000లో ప్రొఫెసర్ జెరాల్డ్ కేడెన్ బృందం లెక్క తీస్తే, అలా వచ్చిన 503 జాగాల్లో 41 శాతం పెద్దగా ఎందుకూ పనికిరానివని తేలింది. మొదట్లో చట్టం బెంచీ వెయ్యమని చెప్పలేదు, కాబట్టి చాలామంది వెయ్యలేదు. కూర్చునే చోటు, చెట్లు ఉండాలన్న నిబంధనలు 1975లో గానీ రాలేదు. అదనపు అంతస్తులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి!

అదే ఊళ్ళో 2015లో ఇంకో బేరం కుదిరింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ పక్కన వన్ వాండర్‌బిల్ట్. మామూలుగా స్థలానికి 15 రెట్లు కట్టుకోవచ్చు, వీళ్ళకి 30 రెట్ల దాకా వీలిచ్చారు. ఆ పెంపులో ఎక్కువ భాగానికి బదులుగా దాదాపు 22 కోట్ల డాలర్ల స్టేషన్ పనులు బిల్డరే చెయ్యాలి. కొత్త మెట్లు, దారులు, ద్వారాలు. అసలు కిటుకేంటంటే, ఆ పనులు పూర్తవకుండా అదనపు అంతస్తుల్లోకి ఎవరూ దిగకూడదు. 427 మీటర్ల ఆ టవరు 2020లో తెరుచుకుంది.

ఇక మన హైదరాబాదు. 2006లో జీవో 86తో ఎఫ్ఎస్ఐ పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే చాలు, పైకి వెళ్ళిపోవచ్చు. ఇది మరీ తెలివితక్కువ పనేం కాదు. ముంబైలో దశాబ్దాలపాటు ఎత్తుని బిగించి పట్టుకున్నా ఇళ్ళేమీ చవకవ్వలేదు. కాకపోతే, అడగకుండానే ఇచ్చేసినదానికి బేరమాడలేం. ఇంపాక్ట్ ఫీజు ఉంది, నిజమే. కానీ ఫలానా టవరు ఫీజుతో ఫలానా కాలువ కట్టాం అని చెప్పే బోర్డు నేనింతవరకూ ఎక్కడా చూడలేదు. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. అక్కడ దిగేవాళ్ళకి నీళ్ళు, బస్సు, బడి, ఫుట్‌పాత్ కావాలా వద్దా?

మా సాఫ్ట్‌వేర్ పనిలో "చేసేస్తాం" అంటే ఎవరూ డబ్బులివ్వరు, టెస్టు పాసవ్వాలి. ఊరి బేరానికీ అంతే. "ప్రజా ప్రయోజనం" అన్న మాట కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నాకు నమ్మకం లేదు. ఏం ఇస్తారు, ఎక్కడ, ఎప్పటికి, ఇవ్వకపోతే ఏ అంతస్తులకి తాళం పడుతుంది? ఈ నాలుగింటికీ జవాబుంటే 60 అంతస్తులైనా నాకు అభ్యంతరం లేదు. లేకపోతే ఆరంతస్తులు కూడా ఎక్కువే.

ఎందుకంటే ఒకసారి జనం దిగాక ఏ అంతస్తునీ వెనక్కి తీసుకోలేం. అడగాల్సిందేదో అంతకు ముందే అడగాలి. మీరేమంటారు?