అమ్మకు తెలుగు ట్రాకు

పెరంబూరులో మేమిద్దరం, మా అమ్మ. మాది తమిళ మీడియం చదువు, తెలుగు చెవితో వచ్చిందే. తప్పులుంటే దిద్దండి.

అమ్మకు 89. అరవై ఏళ్లు ఇక్కడ తమిళం మాట్లాడిన మనిషి, పోయిన ఏడాది నుంచి అది మరిచిపోతోంది. తెలుగు ఒక్కటే మిగిలింది. కంప్యూటర్లో సినిమా పెడితే ప్రతిసారీ తమిళమే మొదలయ్యేది. "ఎవరో ఏమో అంటున్నారురా" అని గోడవైపు తిరిగి పడుకునేది.

మనవడు ఎంపీవీ ప్లేయర్ వేసి కమాండు రాసిచ్చాడు: ఎంపీవీ, స్పేసు, రెండు గీతలు, ఏఎల్ఏఎన్‌జీ, ఈక్వల్, టీఈఎల్, స్పేసు, ఫైలు పేరు. కొన్ని ఫైళ్లలో టీఈ అనే ఉంటుంది, కామా పెట్టి రెండూ కొడతాం. భాష పేరే లేకపోతే గీతల తర్వాత ఏఐడీ, ఈక్వల్, 2. రెండో ట్రాకన్నమాట. వీఎల్‌సీలో ఆడియో ట్రాకు లెక్క సున్నా నుంచి. అది తెలియక ఒక పూట పోయింది. స్టేషన్ కోడ్లు కొట్టిన చేతులే కదా, అలవాటైంది.

'మాయాబజార్'కి మాత్రం ఇది కుదరదు. 1957లో వడపళని వాహినీలో రెండు భాషల్లోనూ తీశారు. అభిమన్యుడు తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. తెలుగుదే విడిగా తెచ్చుకున్నాం.

నిన్న రాత్రి అది పెట్టాం. ఘటోత్కచుడు నోరు తెరవకముందే అమ్మ మాట అందుకుంది.