గట్టు వెంబడి తాడు

1994 మే నెలలో, ఎడారి ఉప్పునేలల్లో మొక్కల లెక్క తేల్చేద్దామని ఫులేరా జంక్షన్‌లో రైలు దిగాను. సాంభర్ అక్కడికి దగ్గరే. జైపూర్‌కి ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ సరస్సు, సముద్రంతో సంబంధం లేని మన ఉప్పునీటి సరస్సులన్నిట్లోకీ పెద్దది. 1990లోనే అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. నా సామానల్లా ఒక ట్రంకుపెట్టె, వంద మీటర్ల నైలాను తాడు, మీటరు చదరం చెక్క చట్రం, మొక్కల్ని నొక్కి ఆరబెట్టడానికి ఇంటి నుంచి మోసుకెళ్ళిన పాత తెలుగు పేపర్ల కట్ట.

వయసు ఇరవై నాలుగు. పైగా మాది చినగంజాం దగ్గర. ఉప్పు కొఠార్ల మధ్య పెరిగినవాణ్ణి. మా నాయనమ్మ ఇలకూర వండితే అందులో ఉప్పు వెయ్యక్కర్లేదని నాకు ఐదేళ్ళకే తెలుసు. ఇక ఉప్పునేల గురించి నాకొకరు చెప్పాలా?

కొంప ముంచింది ఆ చినగంజామే. మా వైపు సముద్రం పోటూ పాటూ ఉంటుంది కాబట్టి, నీళ్ళు రోజూ తడిపే చోట ఒక మొక్క, అమావాస్యకీ పున్నమికీ మాత్రమే తడిసే చోట ఇంకో మొక్క. సాంభర్‌లో పోటు లేదు, పాటు లేదు. అలాంటప్పుడు అంచెలెందుకుంటాయి? ఎక్కడ తాడు పరిచినా ఒకటేనని తీర్మానించేశాను. నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. ఒడ్డు వెంబడి అద్దె సైకిలు హాయిగా పోయేది. ఒడ్డుకి అడ్డంగా పైకి నడవాలంటే ఇసక, ముళ్ళు.

అలా పదకొండు రోజులు ఒడ్డు వెంబడే తాడు లాగాను. పది మీటర్లకోసారి చట్రం పడేసి, లోపలున్నవి లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకోవడం. రోజుకి ముప్ఫై చట్రాలు. అందులో ఉండేది సుయేడా అనే గుబురు మొక్క, మన ఇలకూరకి దాయాది. ఆకులు బియ్యపు గింజల్లా ఉబ్బి ఉంటాయి. పీల్చిన ఉప్పుని కణాల్లోని తిత్తుల్లో దాచుకుని, దాని వెంట నీళ్ళు లాక్కుంటుంది. అది లేకపోతే తెల్లటి ఉప్పు పొర. కాబట్టి నా నోటుబుక్కు నిండా సుయేడా, సున్నా, సుయేడా, సున్నా. ఆరో రోజే నా పరిశోధనకి గైడైన మా మాస్టారికి ఇన్‌లాండ్ లెటర్ రాసి పడేశాను. ‘ఇక్కడ వృక్షజాలం పరమ దరిద్రంగా ఉన్నదండీ’ అని. ఆ దరిద్రం కనిపెట్టింది నేనే అయినట్టు కాస్త గర్వం కూడా పడ్డాను.

పన్నెండో రోజు పొద్దున పది దాటాక పడమటి నుంచి వేడిగాలి లేచింది. అక్కడ దాన్ని లూ అంటారు. పేపర్ల కట్ట మీద రాయి పెట్టడం మర్చిపోయాను. కాగితాలన్నీ ఒక్కసారిగా లేచి ఒడ్డు నుంచి పైకి, జనం ఉండే వైపు ఎగిరిపోయాయి. మొక్కల్లేని పరిశోధన చేయొచ్చేమోగానీ పేపర్లు లేకుండా చేయలేం. చట్రం పారేసి వాటి వెనకాల పరిగెత్తాను.

మొదటి కాగితం సుయేడాకే తగులుకుంది. పాతిక అడుగులు పోయాక రెండోది బూడిదరంగు చిన్న మొక్క మీద పడి ఉంది. వంగి చూస్తే ఉప్పు సనగ, మా ఊరి చెరువు కట్ట మీదున్నదే! మూడోది నేలబారు గడ్డి మీద. దాని ఆకుల మీద చక్కెర చల్లినట్టు ఉప్పు పలుకులు. ఈ గడ్డి ఉప్పుని దాచుకోదు, ఆకుల్లోని గ్రంథుల నుంచి చెమటలా బయటికి తోసేస్తుంది. ఇంకొంచెం పైన, కట్టెపుల్లల్లా ఉన్న లాణా పొద. ఆ పైన ఆకుల్లేని కరీల్ ముళ్ళలో, సినిమా ప్రకటనతో సహా చిరిగిపోయిన ఆదివారం సంచిక. ఆఖరి కాగితం పీలు చెట్టు కింద కూర్చున్న మేకల కాపరి చేతికి చిక్కింది. నేను రొప్పుతూ వెళ్ళేసరికి ఆయన అందులో బీడీలు పొట్లం కట్టేసుకున్నాడు.

ఆ చెట్టు నీడలో నిలబడి వెనక్కి చూశాను. కాగితాలు ఎక్కడివక్కడే రెపరెపలాడుతున్నాయి. ఒడ్డు నుంచి నా కాళ్ళ దాకా, దాదాపు తిన్నగా ఒకటే వరస. నేను పరచాల్సిన తాడుని గాలి పరిచింది. ఒడ్డుకీ చెట్టుకీ నడుమ ఎత్తు తేడా నా నడుం దాకా కూడా ఉండదేమో. వానాకాలం మేంఢా, రూపన్‌గఢ్ నదులు తెచ్చి పోసిన నీళ్ళు ఎండకి ఇగురుతూ వెనక్కి తగ్గుతాయి. కింద మిగిలిన ఉప్పునీరు మట్టిలోంచి పైకి పాకుతుంది. అది ఎంత లోతున ఉందన్నదాన్ని బట్టి జానెడు ఎత్తులోనే మొక్క మారిపోతుంది. పోటుపాట్లు రోజూ చేసే పనిని ఇక్కడ ఎండ ఏడాది పొడుగునా చేస్తోంది. నేనేమో పదకొండు రోజులూ ఒకే మెట్టు మీద అటూ ఇటూ తిరిగి, ఈ మేడకి ఒకటే అంతస్తు అని రాసుకున్నాను.

సిగ్గుచేటు ఏమిటంటే, ఈ సంగతి నాకు తెలియంది కాదు. ఒక్కచోట ఎన్ని రకాలున్నాయన్నది వేరు, ఒక చోటికీ ఇంకో చోటికీ రకాలు ఎంత మారతాయన్నది వేరు అని విటేకర్ అనే ఆవరణ శాస్త్రవేత్త 1960లోనే విడదీసి చెప్పాడు. ఆల్ఫా, బీటా వైవిధ్యం. ఎమ్మెస్సీ పరీక్షలో దాని మీద నాలుగు పేజీలు రాసినవాణ్ణి, పదికి ఎనిమిది మార్కులు. తాడు చేతికొచ్చేసరికి సైకిలు పోయే దారే కనబడింది. నవ్వకండి. జనవరిలో అద్దె ఇల్లు చూసి నీళ్ళకి లోటు లేదని అడ్వాన్సు ఇచ్చి, మేలో బిందె పట్టుకుని వీధిలో నిలబడ్డవాళ్ళు మీలో లేరా?

చేతిలో రెండు రోజులే మిగిలాయి. ఆ రెండు రోజులూ అడ్డంగా తాడు వేశాను. పదకొండు రోజుల్లో ఒకే ఒక్క రకం దొరికితే, రెండు రోజుల్లో పద్నాలుగు.

అక్కడితో తప్పులు అయిపోలేదు. సుయేడా కొమ్మల్ని వేడినీళ్ళలో ముంచకుండా పచ్చిగానే పేపర్లలో నొక్కాను. ఆకుల్లో నీరు, నీటిలో ఉప్పు. మా ఊరి గాలికి అవి మూత తీసిన ఉప్పు జాడీలా చెమ్మగిల్లి, నల్లబడి, బూజుపట్టాయి. మళ్ళీ ఆగస్టులో వెళ్ళక తప్పలేదు. వెళ్తే, మేలో ‘సున్నా’ అని రాసుకున్న ఒడ్డు పైభాగంలో పచ్చటి తివాచీ! వాన పైపై ఉప్పుని కడిగేయగానే మట్టిలో పడుకున్న గింజలు లేచాయి. గలిజేరు చుట్టాలు, చిన్న పసుపు పూల జైగోఫిల్లం. కొన్ని వారాల్లో పూసి, కాసి, మళ్ళీ మట్టిలో కలిసిపోతాయి. నా సున్నాల కింద అవన్నీ ఉన్నాయన్నమాట.

థీసిస్‌లో మాత్రం ‘తాళ్ళను ఒడ్డుకు లంబంగా పరచడమైనది’ అని మొదటి నుంచీ నా పథకమే అన్నట్టు రాశాను. పదకొండు రోజుల సంగతి ఎక్కడా లేదు. వైవాలో బయటి పరీక్షకుడు ఆ వాక్యం దగ్గర ఆగి, “ఈ పద్ధతి బాగా ఆలోచించి ఎంచుకున్నావోయ్” అన్నారు. పక్కనే మా మాస్టారు. ఆయన బల్ల సొరుగులో నా ఇన్‌లాండ్ లెటర్ ఉంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను “అవునండీ” అన్నాను.