చిలకను కొన్నాక అరవై ఏళ్లు

మైసూరులో చాముండి కొండ దిగువన అవధూత దత్తపీఠం ఉంది. గణపతి సచ్చిదానంద స్వామీజీ 1966లో స్థాపించిన ఆశ్రమం. విజయవాడ పటమట దత్తనగర్‌లో ఉన్న దాని శాఖకు వెళ్లొచ్చే మన కృష్ణా తీరం వాళ్లకు కొత్త చోటేమీ కాదు. ఆగిరిపల్లి నుంచి మా బాబాయి అక్కడి దర్శనానికి బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. నాకు చూడాలనున్నది ఆ ప్రాంగణంలోనే ఉన్న శుకవనం. దిక్కులేని చిలకలను, దెబ్బ తిన్న చిలకలను, సాకలేక జనం వదిలేసిన చిలకలను చేరదీసే చోటు అది.

బాబాయికి చిలకలంటే తోట మీద పడే దండు. బంగినపల్లి, చిన్న రసాలు, కాస్త కలెక్టరు ఉన్న తోట ఆయనది. కాయ ముదిరే రోజుల్లో తెల్లవారకముందే రామచిలకలు దిగుతాయి. డబ్బాలు కొట్టాలి, ఒడిసెల తిప్పాలి. చిలక కొట్టిన కాయ తియ్యగా ఉంటుందని పిల్లలు ఏరుకుంటారు గానీ, నున్న మార్కెట్లో ఆ కాయకు ధర పలకదు. అందుకని ఆయన లోపలికి పెద్ద ఉత్సాహంతో ఏమీ రాలేదు.

లోపల ముందు తగిలేది రంగు కాదు, చప్పుడు. యాభై మీటర్ల ఎత్తున్న పక్షిశాల నిండా కేకలు. ఒకే పక్షిశాలలో 468 జాతులున్నాయని 2017లో గిన్నిస్ రికార్డు ఇచ్చారు. అప్పటికే అక్కడి పక్షులు రెండు వేల పైచిలుకు. నీలం పసుపు మకా ఒకటి ఎడమ కాలితో గింజను పట్టుకుని, ముక్కుతో పటుక్కున పగలగొట్టి, నాలుకతో పప్పు మాత్రమే తీసుకుంది. చిలకల్లో చాలావాటికి మన చేతివాటం లాగే కాలివాటం ఉంటుంది, ఎక్కువగా ఎడమదే. బాబాయి అక్కడ చాలాసేపు నిలబడిపోయాడు. తన తోటలో ఇంత దగ్గరగా చిలకను ఆయన ఎప్పుడు చూశాడు గనక!

రికార్డు కన్నా నాకు ముఖ్యమనిపించింది ఇక్కడ పక్షులకు ఆసుపత్రి ఉండటం. అందులోకి చేరే పక్షుల అవస్థ తెలిస్తే పంజరం కొనాలన్న కోరిక చాలామందికి చచ్చిపోతుంది. ఒక తెల్ల కాకటూను చూశాం. రొమ్ము మీద ఒక్క ఈక లేదు, గులాబీ రంగు చర్మం బయటపడి ఉంది.

“ఏం జబ్బురా దీనికి?” అన్నాడు బాబాయి.

“తన ఈకలు తనే పీక్కుంటాయి బాబాయ్, ఒంటరిగా ఉంచితే.”

“మరి తల మీద బాగానే ఉన్నాయే?”

“ముక్కు తల మీదికి అందదు కదా.”

చిలక గుంపులో బతికే పక్షి. పొద్దున్నే, పొద్దుగూకే వేళా అది గొంతు చించుకునేది తన గుంపును పిలవడానికే. అపార్టుమెంటులో ఆ పిలుపుకు బదులిచ్చే పక్షి ఉండదు, పక్క ఫ్లాటు వాళ్ల ఫిర్యాదు ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజలొక్కటే పోస్తూ ఉంటే విటమిన్ ఏ కరువై జబ్బుపడుతుంది. ముద్దుకని చాక్లెట్, అవకాడో పెడితే అవి దానికి విషం. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆయుష్షు. మకాలు, కాకటూలు బాగా చూసుకుంటే యాభై అరవై ఏళ్లు బతుకుతాయి. నలభై ఏళ్ల మనిషి ముచ్చటపడి కొన్న పక్షిని ఆయన పోయాక కొడుకు సాకాలి. ఆ కొడుకు అమెరికాలో ఉంటాడు.

మన రామచిలకను పంజరంలో పెట్టడం నేరం. దేశవాళీ పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే పూర్తిగా నిషేధించారు. విదేశీ చిలకలకు మాత్రం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. వన్యప్రాణుల వ్యాపారంపై కుదిరిన అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జీవిని పెంచుకునేవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా చెప్పాలి. మంచి పనే. కానీ నమోదు చేసిన పక్షిని రేపు సాకలేనంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? సర్కస్ జంతువుల విషయంలో ఇలాంటి చిక్కుకు దారి చూపించారు. సింహాలు, పులులతో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ జంతువుల కోసం విశాఖ, తిరుపతి జూల దగ్గర పునరావాస కేంద్రాలు పెట్టారు, చచ్చేదాకా మేపారు. ఇళ్లలోంచి బయటపడే పక్షులకూ, తాబేళ్లకూ, ఇగ్వానాలకూ అలాంటి ఏర్పాటే ప్రభుత్వం చేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక ఆశ్రమం ఎన్నింటిని మోస్తుంది?

బయటికొస్తూ బాబాయి అన్నాడు: “ఎవరికీ అక్కర్లేకపోతే మన తోటలో వదిలెయ్యరాదూ? ఉన్నవాటితో పాటు ఇవీ నాలుగు కాయలు తింటాయి.”

ఒడిసెల పట్టిన మనిషి నోట ఆ మాట వినడం నాకు సంతోషంగా అనిపించింది. కానీ చేతి మేత మరిగిన పక్షికి తిండి వెతుక్కోవడం రాదు, డేగను చూసి దాక్కోవడం తెలియదు. నాలుగు రోజులు బతకడం కష్టం. బతికి బట్టకట్టే జీవాలతో ఇంకో తంటా. చెంపల మీద ఎర్ర చారలుండే తాబేలు పిల్లను బొటనవేలంత ఉన్నప్పుడు కొంటారు. అమెరికా మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతం నుంచి వచ్చిన జాతి అది. పళ్లెమంత పెరగగానే చెరువులో వదిలేస్తారు, మన తాబేళ్ల తిండీ చోటూ అది లాక్కుంటుంది. అక్వేరియం అద్దం మీది పాచి నాకుతుందని కొనే సక్కర్ చేపా అంతే. దక్షిణ అమెరికా చేప, ఒళ్లంతా గట్టి పెంకు, రెక్కల్లో ముళ్లు. ఇవాళ కృష్ణలోనూ కొల్లేరులోనూ వలలకు పడుతున్న దెయ్యపు చేప అదే.

బాబాయి ఆగిపోయాడు. కైకలూరు దగ్గర వియ్యంకుడికి చేపల చెరువులున్నాయి. వల చించేస్తోందని, కొనే నాథుడు లేడని ఆయన గట్టు మీద పారబోసేది ఆ చేపనే. వరదకు ఎక్కడినుంచో కొట్టుకొచ్చిందని ఇన్నాళ్లూ ఇద్దరూ అనుకుంటున్నారు.

“ఎవరింట్లోనో గాజు తొట్టిలో పెంచిందా అది?” అంటూ అక్కడికక్కడే ఫోను తీసి వియ్యంకుడికి కలిపాడు.